జెండా కంటే ముందు సెంటర్: గోదావరి డెల్టాలో పార్టీ గొడవలు ఎక్కడ పుడతాయి

2022 మే 24 సాయంత్రం అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికీ, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికీ నిప్పు పెట్టారు. ఇద్దరూ అప్పటి అధికార పార్టీవాళ్ళే. గొడవ కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద. ఆ పేరు పెట్టమని కొన్ని పార్టీలు అడిగాయి, మిగతావి సరేనన్నాయి. వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం, జనసేన, బీజేపీ నాలుగూ ఒకే మాట మీద ఉన్న అరుదైన సంగతి అది. ఊరు తగలబడింది సరిగ్గా దాని మీదే.

మర్నాడు పొద్దున్నుంచి పార్టీలు మామూలుగానే విడిపోయాయి. ఎవరు ఉసిగొల్పారు, ఎవరు చూస్తూ ఊరుకున్నారు, ఏ వీడియోలో ఎవరి కార్యకర్తలున్నారు అని వాదులాట. బయటివాళ్ళకు కనపడేది ఈ రెండో అంకమే కాబట్టి గోదావరి జిల్లాల్లో తగాదా అంటే పార్టీ తగాదా అనుకుంటారు. ఇక్కడ పార్టీ చివర్లో వచ్చి చేరుతుంది. అంతకుముందే ఒక స్థలం ఉంటుంది, లేదా ఒక కాగితం, లేదా రాత్రి పదింటికి ఫోనులో తిరగడం మొదలైన ఒక కబురు. గొడవను ఆపాలనుకునేవాళ్ళు చూడాల్సింది అక్కడ.

ముందు ఓట్ల సంగతి. పాత తూర్పు గోదావరిలో 19, పశ్చిమ గోదావరిలో 15, కలిపి 34 అసెంబ్లీ స్థానాలు. 2014లో పశ్చిమలో 15కు 15 తెలుగుదేశం, బీజేపీ పొత్తుకే వచ్చాయి. 2019లో 34లో 27 వైఎస్సార్ కాంగ్రెస్‌కు, 6 తెలుగుదేశానికి, ఒకటి జనసేనకు. ఆ ఒకటి రాజోలు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి ఆ ఏడాది దక్కింది అదొక్కటే. 2024లో 34కు 34 తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమివి. ఇంతలేసి మార్పులు వచ్చిన చోట జనం జెండాకు కట్టుబడి ఉన్నారని ఎలా అంటాం? నాయకులూ అంతే. 2016 జనవరి 31న తునిలో రైలు తగలబడిన సభ కాపు రిజర్వేషన్ల కోసం పెట్టింది; దానికి ముందు నిలిచిన ముద్రగడ పద్మనాభం 2024 మార్చిలో, ఆ రిజర్వేషన్ మా చేతుల్లో లేదని 2018లోనే చెప్పేసిన వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరారు. పిఠాపురంలో పవన్ కల్యాణ్ గెలిస్తే పేరు మార్చుకుంటానన్నారు, మార్చుకున్నారు కూడా. వాదం ఒకటే అయినా కండువా మారింది, అంతే.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. 2024లో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు రాష్ట్రంలో 175లో 11 సీట్లే వచ్చినా ఓట్లు దాదాపు 39 శాతం. అసెంబ్లీలో కనపడకపోయినంత మాత్రాన ఆ జనం ఊళ్ళో లేకుండా పోరు. గెలిచినవాళ్ళు చేసే మొదటి తప్పు ఇక్కడే. ఫలితాలొచ్చిన నెల తిరక్కుండానే ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటును మార్చాలంటారు, రేషన్ డీలరును మార్చాలంటారు, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళను దింపేయమంటారు. 2019లోనూ ఇదే, 2024లోనూ ఇదే. నెలకు నాలుగు వేళ్ళు నోట్లోకి వెళ్ళే దారి పోయిన ఇంట్లో పుట్టిన కోపానికి తర్వాత ఏ విగ్రహం గొడవైనా, ఏ గుడి గొడవైనా సరిపోతుంది. పార్టీ నిజంగా పనిచేసేది ఈ చిన్న కొలువుల దగ్గర. సిద్ధాంతం దగ్గర కాదు.

వంతెన దగ్గర పది గజాలు

డెల్టాలో ఊరి నిర్మాణమే వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చాయి, కాలువ గట్లు రోడ్లయ్యాయి, గట్ల వెంట ఇళ్ళు సాగిపోయాయి. రాయలసీమ ఊరికి ఉన్నట్టు ఇక్కడ నాలుగు పక్కలా ఖాళీ ఉండదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను లేదా కొబ్బరి తోట, ఈ మధ్య రొయ్యల చెరువు. ఊరంతటికీ కాస్త వెడల్పైన చోటు ఒక్కటే: కాలువ మీద వంతెన దిగే దగ్గర. దాన్నే సెంటర్ అంటారు. ఆటో స్టాండు, టీ కొట్టు, బస్సు ఆగే చోటు, పార్టీల జెండా దిమ్మలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, విగ్రహాలు అన్నీ ఆ పది ఇరవై గజాల్లోనే పట్టాలి. అందుకే అక్కడ గజం స్థలం అంటే గజం పరువు.

ఆ చోటు ఎవరిదో కూడా చాలామందికి తెలియదు. కాలువ గట్టు అయితే జలవనరుల శాఖది, రోడ్డు మార్జిన్ అయితే ఆర్ అండ్ బీదో పంచాయతీరాజ్‌దో, మిగిలిన ముక్క పంచాయతీ పోరంబోకు. విగ్రహం పెట్టదలచినవాళ్ళు మొదట చేయాల్సింది సర్వేయర్‌తో ఆ ముక్క కొలిపించి ఏ శాఖదో రాతపూర్వకంగా తెచ్చుకోవడం. ఆ తర్వాత గ్రామసభ తీర్మానం, ఆపైన జిల్లా యంత్రాంగం అనుమతి. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు బహిరంగ రోడ్లు, కాలిబాటలు, ప్రజలు వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని ఆదేశించింది. అంటే రోడ్డు మార్జిన్‌లో ఎవరూ అనుమతి ఇవ్వలేరు. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా పట్టా స్థలంలో రెండు సెంట్లు రాయించుకుంటారు. తెలియనివాళ్ళు, తెలిసీ పంతానికి పోయేవాళ్ళు రాత్రి ఒంటిగంటకు ట్రాక్టరులో దించి తెల్లారేసరికి దిమ్మ మీద నిలబెడతారు.

రాత్రి పెట్టిన విగ్రహంతో చిక్కేమిటంటే తెల్లారాక అధికారికి రెండు దారులూ మూసుకుపోతాయి. ఉంచితే కోర్టు ధిక్కారం, తీస్తే ఊరు మండుతుంది. అందుకని గుడ్డ కప్పి, ఇద్దరు కానిస్టేబుళ్ళను కూర్చోబెట్టి, ఫైలు పైకి పంపుతారు. ముసుగు వేసిన విగ్రహం రోజూ వచ్చేపోయేవాళ్ళందరికీ గొడవను గుర్తు చేస్తూనే ఉంటుంది. ఆ ముసుగు ఏళ్ళ తరబడి ఉండిపోవచ్చు కూడా.

పశ్చిమ గోదావరి పాలకోడేరు మండలం గరగపర్రులో 2017లో జరిగింది స్థలం గొడవ పరాకాష్ఠ. ఊళ్ళో మిగతా విగ్రహాలున్న చోటే అంబేడ్కర్ విగ్రహం పెట్టాలని దళితులు, వద్దని మిగతావాళ్ళు. మాట పెరిగి, దళిత పేటవాళ్ళను పొలం పనుల్లోకి పిలవడం మానేశారు. జాతీయ ఎస్సీ కమిషన్ దాకా వెళ్ళింది. అప్పుడు అన్ని పార్టీల నాయకులూ ఆ ఊరు వెళ్ళారు, అందరూ దళితుల వైపే మాట్లాడారు. ఊళ్ళో వెలివేసిన వాళ్ళలోనూ అన్ని పార్టీలవాళ్ళు ఉన్నారన్నది ఎవరూ మాట్లాడని సంగతి.

విగ్రహం దెబ్బతిన్నదన్న కబురు వచ్చినప్పుడు చేయాల్సిన పనుల క్రమం ఒకటుంది, దాన్ని దాదాపు ప్రతిసారీ తలకిందులు చేస్తారు. ముందు పాలాభిషేకం, తర్వాత కొత్త దండ, ఆపైన ధర్నా, చివరికి ఫిర్యాదు. పాలు పోసి కడిగేసిన విగ్రహం మీద వేలిముద్ర దొరకదు, కింద పడిన ముక్క దొరకదు, కాలి గుర్తు దొరకదు. ముందు నాలుగు పక్కల నుంచీ ఫోటోలు, తర్వాత ఎవరినీ దిమ్మ ఎక్కనివ్వకుండా తాడు కట్టడం, పోలీసు క్లూస్ టీం వచ్చి పంచనామా రాసేదాకా ఆగడం, ఆ తర్వాతే అభిషేకం. రెండు మూడు గంటల ఓపిక. అది లేకే ఇలాంటి కేసుల్లో చాలా వాటికి ముద్దాయి దొరకడు.

ఇక వేలు విరిగిన కేసులు. అంబేడ్కర్ విగ్రహానికి చాచిన చేయి, చూపుడు వేలు ఉంటాయి. సిమెంటు విగ్రహంలో ఆ వేలి లోపల సన్నటి ఇనుప ఊచ, దాని చుట్టూ అరంగుళం కూడా లేని సిమెంటు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బిన ఊచ సిమెంటును లోపలి నుంచి పగలగొడుతుంది. ఒక వానాకాలం రాత్రి వేలు దానంతటదే రాలుతుంది. అలా రాలిన చోట విరిగిన అంచు మీద గోధుమ రంగు తుప్పు మరక, పాత దుమ్ము ఉంటాయి, ఊచ పొరలు పొరలుగా లేస్తుంది. కొట్టి విరిచిన చోట సిమెంటు శుభ్రంగా బూడిద రంగులో ఉంటుంది, ఊచ వంగి ఉంటుంది, పక్కన దెబ్బ గుంట కనపడుతుంది. ఈ తేడా ఎవరైనా టార్చిలైటు వేసి చూడొచ్చు. ఇలా చెప్పడం దాడులు జరగవని అనడానికి కాదు. జరుగుతాయి, చెప్పుల దండలూ పడతాయి. ఏది ఏదో తెలిస్తేనే అసలు దాడి కేసు నిలబడుతుంది. కొత్తగా పెట్టేవాళ్ళు కంచు విగ్రహానికి డబ్బు చాలకపోతే కనీసం చేతిలో స్టెయిన్‌లెస్ ఊచ వేయమని శిల్పికి చెబితే మేలు.

ఇంతకీ డెల్టాలో ఏ గొడవా రాని విగ్రహం ఒకటుంది: ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరది. అన్ని కులాలూ, అన్ని పార్టీలూ దండ వేసేది తెల్లదొరకు. అందరి చేలోకీ ఆయన నీళ్ళే వచ్చాయి మరి.

అభ్యంతరం చెప్పమని తలుపు తెరిచిన నెల

మళ్ళీ అమలాపురానికి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అల్లూరి సీతారామరాజు, ఎన్టీఆర్, అన్నమయ్య, శ్రీ సత్యసాయి పేర్లు ఆ జనవరిలో వచ్చిన ముసాయిదాతోనే వచ్చాయి. అప్పుడు అభ్యంతరాలకు ఇచ్చిన నెల రోజుల్లో జనం పట్టింపు పేర్ల మీద లేదు. జిల్లా కేంద్రాల మీద ఉంది. భీమవరం వద్దు, మాకే కావాలని నరసాపురం వీధికెక్కింది. పేర్లు ఆ గలాటాలో సాఫీగా గట్టెక్కాయి. కోనసీమ మాత్రం ఒట్టి కోనసీమగా ఏర్పడింది. ఆరు వారాల తర్వాత, మే 18న, పేరు మార్పు కోసమే విడిగా ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి 30 రోజుల గడువు పెట్టారు.

1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం ముందుగా ప్రకటించి అభ్యంతరాలు తీసుకోవడం తప్పనిసరి. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. తప్పు సమయంలో ఉంది. సరిహద్దులు, కేంద్రాలు, పేర్లు అన్నీ కలిసి అడిగితే జనం పది రకాలుగా చీలతారు. ఒక్క పేరు, అదీ అంబేడ్కర్ పేరు, ఔనా కాదా అని విడిగా అడిగితే ఊరు రెండుగానే చీలుతుంది. అర్జీ మీద పేరు, ఊరు, సంతకం ఉండాలి. సంతకం పెట్టినవాడు ఏ కులమో చెప్పకనే తెలుస్తుంది. అభ్యంతరం చెప్పండి అని ప్రభుత్వమే నెల రోజులు తలుపు తెరిచిపెట్టాక కలెక్టరేట్‌కు అర్జీ పట్టుకుని వెళ్ళడం ఊరేగింపుగా వెళ్ళడమైంది, ఊరేగింపు ఆరో రోజుకు ఆ సాయంత్రమైంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఊరేగింపు అభ్యంతరం కింద లెక్కకు రాదు. రాతపూర్వకంగా గడువులోగా కలెక్టరుకు అందిందే లెక్క. ఆ తేడా నాయకులు జనానికి చెప్పరు, చెబితే ఊరేగింపుకు జనం రారు. జూన్ 24న మంత్రివర్గం పేరును ఆమోదించింది, జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అయింది. పేరు ఏప్రిల్ 4నే వచ్చి ఉంటే ఇంత జరిగేది కాదన్న మాట అప్పట్లో అన్ని వైపులా వినపడింది. ఆ మాటలో చాలా నిజం ఉంది.

ఆరు అంచెల వడపోత

2019 ఆగస్టు 15న వచ్చిన వలంటీరు వ్యవస్థలో 50 ఇళ్ళకు ఒకరు, నెలకు 5,000 గౌరవ వేతనం. పింఛను ఇంటికొచ్చింది, నిజమే. దాంతోపాటు పింఛను ఆగితే ఆపింది ఫలానావాడు అని వేలు చూపడానికి ఒక మనిషి కూడా దొరికాడు. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వాళ్ళను పంపిణీ నుంచి తప్పించింది, ప్రభుత్వం మారాక వ్యవస్థే మూలపడింది.

ఆ అయిదేళ్ళలో మా పార్టీ కాదని పింఛను కోసేశారు అన్న ఫిర్యాదు ఊరూరా ఉంది. కొన్ని అలాగే జరిగి ఉండొచ్చు. ఎక్కువ కోతలు మాత్రం కంప్యూటరులో ఆరు అంచెల వడపోత దగ్గర పడ్డాయి: కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000 దాటకూడదు, మాగాణి మూడెకరాలు లేదా మెట్ట పదెకరాలు మించకూడదు, నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు (ఆటో, ట్యాక్సీ, ట్రాక్టరు మినహాయింపు), కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు, ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు, పట్టణంలో వెయ్యి చదరపు అడుగుల కట్టడం ఉండకూడదు.

ఇందులో డెల్టాలో ఎక్కువగా తన్నేవి రెండు. ఒకటి కరెంటు మీటరు. అన్నదమ్ములు పంచుకున్న పెంకుటింట్లో మూడు కుటుంబాలకు ఒకటే మీటరు, అది ముసలి తల్లి ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. మూడిళ్ళ ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ ఆమె ఖాతాలో పడతాయి. రెండోది భూమి. పదేళ్ళ కింద అమ్మేసిన చేను రికార్డులో ఇంకా పాత పేరు మీదే ఉంటుంది, చేపల చెరువుకు లీజుకిచ్చిన భూమి మాగాణిగానే ఉంటుంది. పింఛను ఆగిన మనిషి గ్రామ సచివాలయానికి వెళ్ళి ఏ అంచెలో ఆగిందో కాగితం మీద అడగాలి. మీటరు అయితే విద్యుత్ శాఖ నుంచి ఆధార్ విడదీసిన పత్రం, భూమి అయితే సవరించిన వన్‌బీ (భూమి ఖాతా పత్రం), ఆ రెండూ జతచేసి మళ్ళీ అర్జీ. అంతకు బదులు టీ కొట్టు దగ్గర ఎవరో, నువ్వు వాళ్ళ మీటింగుకు వెళ్ళావు కదా, అంటారు. ఆ మాటతో కంప్యూటరు తప్పు పార్టీ పగ అయిపోతుంది. కోపం నిజమే, దారి తప్పుతుంది.

ఇంతకన్నా లోతైన కాగితం గొడవ కులధ్రువపత్రానిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సీ, ఒక్క శాతం కోటా. నరసాపురం వైపు 1830ల నుంచే మిషనరీలున్న డెల్టా ఇది. పేటలో చర్చి లేని ఊరు వెతుక్కోవాలి. ఆదివారం ప్రార్థనకు వెళ్ళే మనిషి కాగితం మీద హిందూ ఎస్సీగా ఉండటం ఇక్కడ ఊరందరికీ తెలిసిన సంగతే. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. రిజర్వుడు సర్పంచి స్థానానికి పోటీ రాగానే ప్రత్యర్థి ఆ బాప్తిస్మం ఫోటో బయటికి తీస్తాడు. 1993 నాటి కులధ్రువపత్రాల చట్టం కింద కలెక్టరుకు ఫిర్యాదు, జాయింట్ కలెక్టరు అధ్యక్షతన పరిశీలన కమిటీ విచారణ. ఫిర్యాదుదారు కూడా చాలాసార్లు అదే పేట మనిషే, వేరే జెండా పట్టుకున్నవాడు. గెలిచినా ఓడినా ఆ తర్వాత పేటలో ప్రతి ఇల్లూ తన పత్రం గురించి భయపడుతుంది. ఇది తెలిసీ ఫిర్యాదు పెట్టించే పెద్దలు ఊళ్ళోనే ఉంటారు, వాళ్ళ పేరు ఆ కాగితం మీద ఉండదు.

ఒకే నెలలో రెండు మైకులు

మతం గొడవ అనగానే అందరికీ 2020 సెప్టెంబరు గుర్తొస్తుంది. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి టేకు రథం ఆ నెల 5వ తేదీ రాత్రి షెడ్డులోనే కాలిపోయింది. వారం తిరక్కుండా ప్రభుత్వం సీబీఐ దర్యాప్తు కోరింది. కొత్త రథం 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమి రోజున కదిలింది. రథం అయిదారు నెలల్లో వచ్చింది గానీ, ఎలా కాలిందన్న ప్రశ్న ఏళ్ళ తరబడి ఎన్నికల సభల్లో తిరిగింది. దేవాదాయ చట్టం కింద పాలకమండళ్ళను వేసేది ప్రభుత్వమే కాబట్టి, గుడిలో ఏం జరిగినా అది అధికార పార్టీ ఖాతాలో పడటం సహజం. ప్రభుత్వం మారగానే చైర్మన్లు రాజీనామా చేయడం, కొత్త బోర్డులో ఏ కులానికెన్ని అని లెక్క కట్టడం ఇక్కడ మామూలు రాజకీయమే.

రోజువారీ తగాదా మాత్రం మైకుది. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగి దాకా. చర్చిల్లో సెమీ క్రిస్మస్‌లు, రాత్రి కూడికలు సరిగ్గా అప్పుడే. ఒకరిది తెల్లవారుజాము నాలుగున్నర, ఇంకొకరిది రాత్రి పది దాటాక. డెల్టా బల్లపరుపు నేల, చలికాలపు గాలి కదలదు, మధ్యలో కాలువ నీళ్ళు. గొట్టం మైకు శబ్దం పక్క ఊరి దాకా పోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటికి వినపడే మైకు కూడదు, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. పండుగలకు రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉంది, ఏడాదిలో 15 రోజులు మించకుండా. అంటే ఇద్దరూ నిబంధన దాటినవాళ్ళే. ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేస్తే ఇద్దరి మైకులూ పోతాయి.

ఈ లెక్క తెలిసిన ఎస్సై నవంబరు చివర్లోనే పూజారినీ పాస్టరునూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడతాడు. గోపురం మీది గొట్టం మైకులు దింపి లోపల బాక్సులు పెట్టుకోవడం, గొట్టాల మూతి ఇళ్ళ వైపు కాకుండా చేల వైపు తిప్పడం, పరీక్షల రోజుల్లో ఇద్దరూ ఆపడం. కాగితం మీద ఇద్దరి సంతకం. దీనికి అరగంట పడుతుంది. ఈ అరగంట ఎన్నికల ఏడాదిలో ఎందుకు దొరకదంటే, ఆ ఇద్దరి వెనక చెరో పార్టీ మండల నాయకుడు కూర్చుంటాడు. పూజారీ పాస్టరూ మాత్రమే ఉన్న గదిలో ఒప్పందం కుదరని ఊరు తక్కువ.

సంక్రాంతి మూడు రోజులు చట్టాలన్నీ పక్కన పెట్టి, 1960 జంతుహింస చట్టాన్నీ 1974 గేమింగ్ చట్టాన్నీ కలిపి పాతరేసి, కోడిపందేల బరి దగ్గర అధికార, ప్రతిపక్ష నాయకులు పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. పార్టీల మధ్య ఏకాభిప్రాయం సాధ్యం కాదనేవాళ్ళు జనవరిలో భీమవరం రావాలి.

వెలి

ఈ గడ్డ మీద భేదాభిప్రాయానికి పాత ఆయుధం కత్తి కాదు, వెలి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు, వెళ్ళినవాళ్ళను కులం నుంచి వెలివేశారు. పురోహితులు, వంటవాళ్ళు దొరకడం కనాకష్టమైంది. గరగపర్రులో పనికి పిలవకపోవడం దానికి మనవడే. కొత్తదనం ఒక్కటే: ఇప్పుడది నేరం. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సామాజిక, ఆర్థిక బహిష్కరణ, ఆ బెదిరింపు కూడా, సెక్షన్ 3(1)(జెడ్‌సి) కిందికి వస్తాయి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, 60 రోజుల్లో అభియోగపత్రం వేయాలి.

కేసు వీగిపోయేది ఒకే చోట. వెలివేశామని ఎవరూ రాసివ్వరు, దండోరా వేయరు. మా కూలీలు మాకు చాలు, యంత్రంతో కోయిస్తున్నాం, కౌలు గడువు అయిపోయింది అంటారు. విడివిడిగా చూస్తే ప్రతి మాటా సబబే. అందుకని ఫిర్యాదులో మాటలు కాదు, పట్టిక ఉండాలి. నిరుడు సార్వా నాట్లకు ఏ రైతు ఏ ముఠాను పిలిచాడు, ఈసారి అదే చేలో ఎవరు నాటారు, ఎక్కడి నుంచి వచ్చారు. ఏ తేదీన ఏ కొట్టువాడు సరుకు లేదన్నాడు, అదే గంటలో ఇంకెవరికి ఇచ్చాడు. పాలకేంద్రంలో పాలు తీసుకోవడం ఎప్పుడు ఆపారు. ఎన్ని ఎకరాల కౌలు ఏ వారంలో రద్దయింది. పది రోజుల్లో పది మంది కౌలు పోతే అది గడువు కాదని న్యాయమూర్తికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కౌలు దగ్గర ఇంకో మెలిక: 2019 పంట సాగుదారు హక్కుల చట్టంలో 11 నెలల పత్రానికి యజమాని సంతకం కావాలి. సంతకం లేని కౌలుదారుకు తను సాగు చేశానని చూపడానికే కాగితం ఉండదు. ఎరువు బిల్లు, ధాన్యం తూచిన చీటీ, బోదె నీటి తీరువా రసీదు, ఏదో ఒకటి దాచుకోవాలి.

రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా

ఫోను గురించి అందరూ మాట్లాడుతూనే ఉన్నారు కాబట్టి క్లుప్తంగా. 2018 నుంచి వాట్సాప్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకే పంపగలం. చాలాసార్లు తిరిగినదైతే, 2020 ఏప్రిల్ నుంచి, ఒక్క చాట్‌కే. రెండు బాణాల గుర్తు ఉన్నది అలా తిరిగినదే. ఊళ్ళో నిన్న రాత్రి జరిగిందని చెప్పే వీడియో మీద రెండు బాణాలుంటే దాన్ని మొదట తీసింది మీ ఊరివాడు కాదని అనుమానించాలి. వెనక కొట్టు బోర్డు ఏ భాషలో ఉంది, పోలీసు టోపీ ఏ రాష్ట్రానిది, అరుస్తున్న యాస ఎక్కడిది, నేల తడిగా ఉందా పొడిగా ఉందా. ఇదంతా నిమిషం పని. అంతకన్నా పని చేసేది పాత పద్ధతి: ఆ పేటలో తెలిసిన మనిషికి ఫోను చేసి ఏం జరిగిందని అడగడం. కులాల వారీ గ్రూపులు, కులాల వారీ కార్తీక వనభోజనాలు పెరిగిన కొద్దీ అవతలి పేటలో అలా ఫోను చేయదగ్గ మనిషి ఉండటం తగ్గింది. అసలు నష్టం అది.

ఇంటర్నెట్ ఆపేయడం 2022లో చూశాం. కబురు ఆగలేదు, మామూలు ఫోన్లలో నోటిమాటగా పోయింది, కాకపోతే దాన్ని ఖండించే అధికారిక ప్రకటన కూడా ఆగిపోయింది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు సిగ్నల్ కోసం జిల్లా అంచులకు వెళ్ళాల్సి వచ్చింది.

కేసు ఎత్తేస్తారన్న మాట

ప్రతి గొడవ తర్వాతా ఏదో ఒక పార్టీ, మేం వస్తే కేసులు ఎత్తేస్తాం అంటుంది. ప్రభుత్వం జీవో ఇచ్చినంత మాత్రాన కేసు పోదు. పాత సీఆర్‌పీసీ 321, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 360 ప్రకారం పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో దరఖాస్తు వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. ఇళ్ళు, బస్సులు తగలబడిన కేసులో నష్టపోయినవాళ్ళు అడ్డుపడొచ్చు. అంతదాకా వాయిదాలకు వెళ్ళాల్సిందే.

కోనసీమలో దీని బరువు వేరు. ఇక్కడి ఇళ్ళు సగం గల్ఫ్ డబ్బుతో కట్టినవి. కువైట్ వెళ్ళే కుర్రాడికి పోలీసు క్లియరెన్స్ కావాలి, పాస్‌పోర్టు కావాలి. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) కింద దాన్ని నిరాకరించొచ్చు. 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఒక సందు ఇచ్చింది: కేసు ఉన్న కోర్టే విదేశం వెళ్ళడానికి అనుమతిస్తే ఇవ్వొచ్చు. దానికి వకీలును పెట్టుకుని పిటిషన్ వేయాలి, వీసా ఆఫరు కాగితం జతచేయాలి, వాయిదాలకు వకీలు ద్వారా హాజరవుతానని హామీ రాసివ్వాలి. కోర్టు ఎంతకాలానికో రాయకపోతే పాస్‌పోర్టు ఏడాదికే వస్తుంది. పిటిషన్ వేసేటప్పుడే రెండేళ్ళో మూడేళ్ళో అని కాలం స్పష్టంగా అడగాలి. అది అడగని వకీళ్ళు చాలామంది. ఏడాది తిరిగేసరికి కువైట్ నుంచి కుర్రాడు ఫోను చేస్తాడు, తండ్రి మళ్ళీ అమలాపురం కోర్టు మెట్లెక్కుతాడు.